బూస్టర్ సీటుకు పదోన్నతి

పిల్లలు పెరగడం ప్రకృతి చేతిలో ఉందని నమ్మే అమాయకులు లోకంలో ఇంకా ఉన్నారు. సౌదీ అరేబియా తూర్పు తీరంలో, ఖతీఫ్ ఖర్జూరపు తోటలు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట ఉన్న మా కంపెనీ కాంపౌండులో ప్రకృతికి ఆ అధికారం లేదు. తెలుగువారి పిల్లలకు సంబంధించినంత వరకు అది ఒక కమిటీకి దఖలు పడింది. బిడ్డ ఎప్పుడు పెద్దదయిందో కమిటీ చెబుతుంది. ఆ తర్వాత పెరగడం బిడ్డ బాధ్యత.

కమిటీ పూర్తి పేరు నాగమల్లేశ్వరి స్మారక బాలల కారు సీట్ల కమిటీ. నాగమల్లేశ్వరి నా భార్య. జుబైల్ రోడ్డు మీద ఒక సిమెంటు లారీ టైరు పేలి, లారీ వచ్చి కారు మీద పడింది. నేను డ్యూటీలో ఉన్నాను. కారు కంపెనీ డ్రైవరు నడుపుతున్నాడు. నాగమల్లేశ్వరి ముందు కూర్చుంది. ఏడాదిన్నర కూతురు వెనక, అయిదు పట్టీలు బిగించిన పిల్లల సీట్లో ఉంది. కూతురు ఇంకా ఉంది.

(సంతాప సభ బాగా జరిగింది. సమోసాలు చాలక మళ్ళీ తెప్పించారు.)

ఆ సభ తర్వాత కంపెనీ సేఫ్టీ విభాగం కదిలింది. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలు ఉన్న ఏ కారూ పిల్లల సీటు లేకుండా, ఆ సీటు మీద సేఫ్టీ స్టిక్కరు లేకుండా గేటు దాటకూడదని ఉత్తర్వు వచ్చింది. మంచి ఉత్తర్వే. కంపెనీ సొంత ఖర్చుతో సీట్లు కూడా కొన్నది. కొని, ఏ భాష వాళ్ళ సీట్లు ఆ భాష వాళ్ళకు అప్పగించి, మీలో మీరు పంచుకోండి అన్నది. మంచి ఉత్తర్వులన్నీ ఈ వాక్యం దగ్గరే చెడిపోతాయి.

మలయాళీలు ఒక సాయంత్రం పిల్లలందర్నీ పిలిచి, ఒక్కొక్కర్నీ కూర్చోబెట్టి చూసి, ఎవరికి ఏది సరిపోతే అది ఇచ్చేశారు. (వాళ్ళకు పరిపాలన రాదు.) పాకిస్తానీలు కూడా దాదాపు అంతే. మేం మాత్రం కమిటీ వేసుకున్నాం. అధ్యక్షుడు అచ్యుతరావు గారు. కంపెనీలో అడ్మిన్ మేనేజరు. స్వరాష్ట్రంలో నీటిపారుదల శాఖలో సూపరింటెండెంటుగా చేస్తూ లాంగ్ లీవు పెట్టి వచ్చారు. ఆ లీవు ఇంకా నడుస్తోంది. కాలవలు అక్కడే ఉండిపోయాయి. సర్వీసు రూల్సు మాత్రం సూట్‌కేసులో వెంట వచ్చాయి.

అచ్యుతరావు గారు మొదట సీట్లను మూడు క్యాడర్లుగా విభజించారు. అన్నిటికంటే కింద తొట్టె సీటు, చంటిపిల్లలకు. దాని పైన పట్టీల సీటు. ఇందులో బిడ్డను భుజాల మీద, నడుం మీద, కాళ్ళ మధ్య పట్టీలు పట్టి ఉంచుతాయి. అన్నిటికంటే పైన బూస్టరు. బూస్టరు అంటే పీట. అది బిడ్డను పట్టుకోదు, కాస్త పైకి లేపుతుంది, అంతే. పట్టుకునేది కారు బెల్టు. ఆ బెల్టు పెద్దవాళ్ళ కొలతకు తయారైంది. పీట మీద కూర్చున్న బిడ్డకు అది భుజం మీదుగా, తొడల మీదుగా పడాలి. బిడ్డ చిన్నదయితే మెడ మీదుగా, పొట్ట మీదుగా పడుతుంది. అప్పుడు బెల్టు చేసే పని బెల్టు చేయాల్సిన పని కాదు.

బిడ్డను పట్టీల సీటు నుంచి బూస్టరుకు ఎప్పుడు మార్చాలి? డాక్టర్లు ఎత్తు అంటారు, బరువు అంటారు, కుదురుగా కూర్చునే వయసు అంటారు. కమిటీ ఈ గందరగోళాన్ని ఒక్క మాటతో తొలగించింది. ఖాళీ వచ్చినప్పుడు.

ఖాళీ ఎప్పుడు వస్తుంది? ఎవరైనా ఫైనల్ ఎగ్జిట్ మీద ఇండియాకు వెళ్ళిపోయినప్పుడు. ఆ ఖాళీ ఎవరికి దక్కుతుంది? సీనియరుకు. ఎవరు సీనియరు? పుట్టిన తేదీ అనుకుంటే మీరు ఏనాడూ ఏ ఆఫీసులోనూ పనిచేయలేదని అర్థం. సర్వీసులో చేరిన తేదీ. ఇక్కడ ఉండనిచ్చే కార్డు ఇకామా. పిల్లల పేర్లు తండ్రి ఇకామాలో ఎక్కుతాయి. పేరు ఎక్కిన తేదీయే బిడ్డ చేరిన తేదీ.

నా కూతురు స్నిగ్ధ ఇక్కడే పుట్టింది. పుట్టిన నెలకే ఇకామాలోకి ఎక్కింది. ఆ విధంగా, అప్పటికే బూస్టరులో ఉన్న ఓబులయ్య కూతుర్ని మినహాయిస్తే, మా కాంపౌండులోని తెలుగు పిల్లలందరిలోకీ సీనియరు. వయసు మూడేళ్ళు. బరువు పదమూడు కిలోలు.

హేమసుందర్ అని ప్లానింగ్ విభాగంలో ఒక ఇంజనీరు ఉన్నాడు. అతని కొడుకు అనురాగ్‌కు ఆరేళ్ళు, ఒకటో తరగతి. కిందటి వేసవిలో తల్లితో పాటు వచ్చాడు. కాబట్టి అందరికంటే జూనియరు. కొత్తగా చేరినవాళ్ళు అడుగు నుంచి మొదలుపెట్టాలి కనుక అతనికి తొట్టె సీటే ఇవ్వాలని ఇద్దరు సభ్యులు పట్టుబట్టారు. (ప్రయత్నించారు కూడా.) చివరికి ప్రత్యేక కేసుగా పరిగణించి, రంగు వెలిసిన పాత పట్టీల సీటు ఒకటి ఇచ్చారు. వాడు అందులో కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. స్కూలు దగ్గర దించాక కాసేపు పెళ్ళిపీటల మీంచి లేచిన పెళ్ళికొడుకులా నడుస్తాడు.

ఇలా ఉండగా ఓబులయ్యకు ఫైనల్ ఎగ్జిట్ వచ్చింది. అనంతపురం మనిషి, క్రేన్ల ఫోర్‌మాన్. మా తెలుగువాళ్ళ వాటాలో ఉన్న ఒకే ఒక్క బూస్టరు ఆయన కూతురిది. ఒక సాయంత్రం దాన్ని చంకన పెట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"ఏమప్పా పెంచలయ్యా, మీ పాపకు ప్రమోషన్ వచ్చినాదంట గదా. స్వీట్లు యాడ?"

"మూడేళ్ళ పిల్లకు ఇది సరిపోదు ఓబులయ్యా."

"సరిపోకుంటే ఏమప్పా? వచ్చిన సీటు ఎవురన్నా ఇడుస్తారా? ఫోర్‌మాన్ ఇచ్చినప్పుడు నాకు మాత్రం సరిపోయినాదా?"

అది నిజమే. (ఆయన ఫోర్‌మాన్ అయిన వారంలో ఒక క్రేను పక్కకు ఒరిగింది.)

బూస్టరును కారులో పెట్టి స్నిగ్ధను కూర్చోబెట్టాను. బెల్టు సరిగ్గా గొంతు మీదికి వచ్చింది. పీటను తిరగేసి చూశాను. కనీసం నాలుగేళ్ళు, పద్దెనిమిది కిలోలు అని అడుగున అచ్చు వేసి ఉంది. దాన్ని పట్టుకుని అచ్యుతరావు గారి ఆఫీసుకు వెళ్ళాను.

"రండి రండి పెంచలయ్య గారూ. కంగ్రాట్సండీ. ఇంత చిన్న వయసులో బూస్టరంటే మాటలు కాదు."

"అడుగున ఏం రాసుందో చూడండి."

"చూడకుండా ఇస్తామాండీ? అవి కనీస అర్హతలు. అర్హతలన్నాక సడలింపు ఉంటుంది. వయసులో ఒక ఏడాది సడలించేశాం."

"బరువో?"

"సర్వీసుకు వెయిటేజీ కలిపామండీ. ఏడాదికి కిలోన్నర చొప్పున మూడేళ్ళకు నాలుగున్నర. పదమూడూ నాలుగున్నరా, పదిహేడున్నర."

"ఇంకా అరకిలో తక్కువ."

"పరీక్షల్లో గ్రేసు మార్కులివ్వరూ? అలా అనుకోండి."

ఆ విధంగా స్నిగ్ధ పద్దెనిమిది కిలోలయింది. ఆ రోజు ఇంటికెళ్ళి ఎత్తుకుని చూశాను. పదమూడే.

అయితే అంతకుముందు, ఆ గదిలో, ఒక మాట అన్నాను. నేను నెల్లూరు జిల్లాలో ఒక్క మాస్టారే ఉన్న బడిలో చదివాను. మా ఊళ్ళో సగం మందికి పుట్టిన తేదీ తెలియదు. ఒకటో తరగతిలో చేరడానికి మాస్టారు ఒకటే పరీక్ష పెట్టేవాడు. కుడిచెయ్యి తల మీదుగా తీసుకెళ్ళి ఎడమ చెవి పట్టుకోవాలి. అందితే బడి. అందకపోతే ఇల్లు. మునసబు మనవడికి రెండేళ్ళు అందలేదు, రెండేళ్ళూ ఇంటికి పంపాడు. బూస్టరుకూ అలాగే పెట్టండి, బెల్టు భుజం మీద పడితే ఇవ్వండి, మెడ మీద పడితే వద్దు, అన్నాను.

అచ్యుతరావు గారు ఓపిగ్గా విన్నారు.

"మీ ఊరికి బాగానే ఉంటుందండీ. కానీ చెవులు ఒక్కొక్కళ్ళకి ఒక్కోచోట ఉంటాయి. మెడలూ అంతే. రేపు ఎవరైనా అప్పీలుకెళ్తే మనం నిలబడలేం. ఇకామా తేదీ అయితే ఎవడి మెడతోనూ పని లేదు."

"అయితే నాకీ ప్రమోషన్ వద్దు."

ఆయన కళ్ళజోడు తీశారు. శాఖలో అన్నేళ్ళు పనిచేసినా ఈ మాట ఎప్పుడూ విని ఉండరు.

"రాసివ్వచ్చండీ, కాదనను. కానీ వదులుకున్నవాళ్ళకి సీనియారిటీ పోతుంది. మీ పాప పట్టీల సీటు ఇప్పటికే కిందివాళ్ళకి కేటాయించేశాం. కాబట్టి పాప వెయిటింగులో ఉంటుంది. వెయిటింగులో ఉన్న పిల్లలకి స్టిక్కరు రాదు. స్టిక్కరు లేకపోతే గేటు..."

మిగతాది చెప్పనక్కర్లేదు. స్నిగ్ధ రోజూ ఆ జుబైల్ రోడ్డు మీదుగానే దమ్మాంలో నర్సరీకి వెళ్ళాలి. ఇంట్లో చూసుకునే మనిషి లేదు. నేను సైటులో వెల్డింగులు పరీక్షిస్తాను. అతుకు నిలుస్తుందా నిలవదా అన్నదే నా ఉద్యోగం. ఇన్నేళ్ళలో ఒక్క అతుకునూ దాన్ని వేసిన వెల్డరు సీనియారిటీ చూసి పాస్ చేయలేదు. ఆ సంగతి అచ్యుతరావు గారికి చెబితే, అందుకే మీకు ఇంక్రిమెంట్లు రావడం లేదండీ అన్నారు. అదీ నిజమే.

మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. బజారులో సీట్లు అమ్మరా? అమ్ముతారు. ఆ గురువారం సెలవు రోజు దమ్మాం వెళ్ళి పట్టీల సీటు కొత్తది కొన్నాను. అంగడివాడు స్నిగ్ధను అందులో కూర్చోబెట్టి పట్టీలు బిగించి, వాటికింద వేలు దూర్చి చూసి, సరిపోయిందన్నాడు. (అతను యెమెన్ వాడు. ఎలాంటి కమిటీలోనూ సభ్యుడు కాడు.) సీటు తెచ్చి సేఫ్టీ కిటికీ దగ్గర పెట్టాను. స్టిక్కర్లు వేసేది ఫారూఖ్, హైదరాబాద్ కుర్రాడు.

"మస్తుగుందన్నా సీటు. ఎంతకిచ్చిండు?"

"ఎంతకిస్తే ఏం? స్టిక్కరు వెయ్యి."

"ఎట్లేస్తనే అన్నా? కమిటీ నంబర్ లేదు కదా దీనికి."

"సీటు నాది. కారు నాది. పిల్ల నాది."

"అన్నీ నీవే అన్నా, నేను కాదంటున్ననా? స్టిక్కర్ ఒక్కటే వాళ్ళది." గొంతు తగ్గించాడు. "నాది గూడ కాదన్నా. నేను అతికిస్త, అంతే."

సీటును కమిటీ నంబరు కోసం పంపాను. కమిటీ అత్యవసరంగా సమావేశమై నంబరు మంజూరు చేసింది. నంబరు పడిన మరుక్షణం సీటు ఉమ్మడి స్టాకులో చేరింది. స్టాకులో చేరిన సీటును అర్హులకు కేటాయించాలి కదా. పట్టీల క్యాడరులో సీటు పాడైపోయిన అభ్యర్థి అనురాగ్ ఒక్కడే ఉన్నాడు. స్నిగ్ధ ఇప్పుడు పై క్యాడరు కనుక ఆమె పేరు పరిశీలనకే రాలేదు. దాతగా నాకు శాలువా కప్పారు. సౌదీలో, జూలై నెలలో, ఉన్ని శాలువా.

"అది మా అమ్మాయికి కొన్నానండీ," అన్నాను శాలువాలోంచి.

"కొన్నవాడి బిడ్డకే సీటు ఇస్తే దాన్ని అవినీతి అంటారండీ," అన్నారు అచ్యుతరావు గారు. సభ్యులు తలలూపారు.

శనివారం స్నిగ్ధ బూస్టరులో చార్జి తీసుకుంది. గేటు దగ్గర ఫారూఖ్ స్టిక్కరు అతికించి తల పక్కకు తిప్పుకున్నాడు. రౌండెబౌట్ దగ్గర ఒక పికప్ అడ్డం వచ్చింది. నేను మెల్లగానే వెళ్తున్నాను, బ్రేకు కూడా గట్టిగా వేయలేదు. అద్దంలో చూస్తే పిల్ల పీట మీద లేదు. కిందికి జారింది. బెల్టు చెవి కిందికి వచ్చి ఆగింది.

"నాన్నా, బెల్టు కరుస్తోంది," అంది.

ఆపి, సర్ది, కూర్చోబెట్టాను. మెడ మీద ఎర్రటి గీత. సాయంత్రం ఆ గీతతో సహా పిల్లను తీసుకెళ్ళి అచ్యుతరావు గారికి చూపించాను. ఆయన నిజంగానే బాధపడ్డారు. చాక్లెట్ ఇచ్చారు.

"కొత్త పోస్టులో మొదట్లో ఎవరికైనా ఇబ్బందేనండీ. నాకు సూపరింటెండెంటు ఇచ్చినప్పుడు ఆరునెలలు నడుంనొప్పి. అలవాటు పడుతుంది."

అలవాటు పడేదాకా ఈ రోడ్డు మీది లారీలు ఆగుతాయా లేదా అన్నది కమిటీ పరిధిలోకి రాదు.

ఆ రాత్రి హేమసుందర్ వచ్చాడు. అతని భార్య నమ్రత పంపిందట.

"మాస్టారూ, మీరు కొన్న సీటు మావాడికిచ్చారు. తలెత్తుకోలేకపోతున్నాను."

"మీవాడికి సరిపోయిందా?"

"ఎక్కడండీ, వాడు ఆరేళ్ళ గాడిద. ఇవాళ దాంట్లోంచి లాగడానికి నేనూ నమ్రతా చెరో చెయ్యీ పట్టుకోవాల్సి వచ్చింది. ఒక మాట చెప్పనా? మావాడికి బూస్టరు కావాలి. మీ పాపకి పట్టీలు కావాలి. మార్చుకుంటే పోలేదా?"

మర్నాడు ఇద్దరం కలిసి వెళ్ళి అడిగాం. అచ్యుతరావు గారి ముఖం వెలిగిపోయింది. ఇన్నాళ్ళకు మాకు పద్ధతి తెలిసిందని సంతోషం.

"మ్యూచువల్! అలా అడగండి మరి. దానికి రూలుందండీ. పరస్పర బదిలీకి ఇద్దరూ ప్రస్తుత పోస్టులో మూడేళ్ళు పూర్తిచేసి ఉండాలి."

"మూడేళ్ళకు మా అమ్మాయికి ఆరేళ్ళొస్తాయి. అప్పటికి బూస్టరే సరిపోతుంది," అన్నాను.

"మావాడికి తొమ్మిదొస్తాయండీ. అసలు సీటే అక్కర్లేదు," అన్నాడు హేమసుందర్.

"చూశారా," అన్నారు అచ్యుతరావు గారు, "రూలు ఎంత ముందుచూపుతో రాశారో."

ఇక రూలు బయట ఆలోచించవలసి వచ్చింది. సీట్లు కార్లకు బిగించి ఉన్నాయి. పిల్లలు బిగించి లేరు. పొద్దున ఇద్దరం ఎవరి పిల్లను వాళ్ళ సీట్లో కూర్చోబెట్టుకుని గేటు దాటేవాళ్ళం. ఖర్జూరపు తోటల దగ్గర మూసేసిన పెట్రోలు బంకు ఒకటి ఉంది. దాని నీడలో కార్లు ఆపి పిల్లల్ని మార్చుకునేవాళ్ళం. స్నిగ్ధ హేమసుందర్ కారులోకి, నేను కొన్న సీట్లోకి వెళ్ళేది. అనురాగ్ నా కారులోకి, బూస్టరు మీదికి వచ్చేవాడు. సాయంత్రం వచ్చేటప్పుడు మళ్ళీ అదే చోట ఎవరి బిడ్డను వాళ్ళం తీసుకునేవాళ్ళం. దొంగసరుకు చేతులు మార్చుకునేవాళ్ళు కూడా అంత జాగ్రత్తగా ఉండరు.

నా కూతుర్ని వేరేవాడి కారులో పంపి, ఆ కారు వెనకే నడిపేవాణ్ణి. దాని వెనక అద్దంలోంచి పట్టీల సీటు అంచు కనిపించేది. చాలాకాలం తర్వాత ఆ రోడ్డు మీద ఊపిరి సరిగ్గా తీసుకున్నాను.

"అంకుల్, ఇక్కణ్ణించి రోడ్డు కనిపిస్తోంది," అన్నాడు అనురాగ్ మొదటిరోజు. "ఆ సీట్లో నా మోకాళ్ళే కనిపించేవి."

"చూసుకో."

"మీరు ఎప్పుడూ మాట్లాడరేంటి అంకుల్?"

"రోడ్డు చూస్తున్నాను."

"నేనూ చూస్తున్నానుగా. నేను మాట్లాడుతున్నానుగా."

ఇది కొన్ని వారాలు సాగింది. తర్వాత అచ్యుతరావు గారికి చేపలు తినాలనిపించింది. ఖతీఫ్ చేపల సంత తెల్లవారకముందే మొదలవుతుంది. ఆయన కొనుక్కుని తిరిగొస్తూ బంకు దగ్గర మా కార్లు చూసి ఆగారు. ఆయన కారు వెనక సీట్లో వంజరం చేపల ఐసుపెట్టె ఉంది. కదలకుండా దానికి బెల్టు పెట్టారు. చక్కగా, అడ్డంగా, ఎక్కడ పడాలో అక్కడే పడింది.

"ఏం చేస్తున్నారండీ ఇక్కడ?"

"పిల్లలకి ఖర్జూరం చెట్లు చూపిస్తున్నామండీ," అన్నాడు హేమసుందర్.

"కాదంకుల్," అన్నాడు అనురాగ్, బడిలో నిజం చెప్పమని నేర్పుతారు కాబట్టి, "మేం రోజూ మారిపోతున్నాం."

శుక్రవారం మధ్యాహ్నం రిక్రియేషన్ హాల్లో విచారణ. తెలుగు కుటుంబాలన్నీ వచ్చాయి. వేరే కాలక్షేపం లేని ఊరు. అభియోగం: అధికారిక అనుమతి లేకుండా పోస్టులు మార్చుకోవడం, పదోన్నతిని అవమానించడం. స్నిగ్ధను, అనురాగ్‌ను ముందు వరస కుర్చీల్లో కూర్చోబెట్టారు. స్నిగ్ధ కాళ్ళు నేలకు అందలేదు. ఆ సంగతి ఎవరూ గమనించలేదు.

హేమసుందర్ లేచి, ఆలోచన పెంచలయ్య గారిదేనని, తను మొహమాటంతో ఒప్పుకున్నానని చెప్పాడు. నా వైపు చూడలేదు. నాకు కోపం రాలేదు. అతని ఇకామా రెన్యువల్ ఆ వారమే అడ్మిన్ మేనేజరు బల్ల మీద ఉంది.

"స్నిగ్ధా, నువ్వేమైనా చెప్పుకుంటావా అమ్మా?" అని అడిగారు అచ్యుతరావు గారు. సహజన్యాయ సూత్రాల ప్రకారం అడగాలి.

"మంచినీళ్ళు," అంది స్నిగ్ధ.

నీళ్ళు ఇచ్చి తీర్పు చదివారు. స్నిగ్ధ తన పదవికి తగిన బాధ్యత చూపనందువల్ల ఆమెను బూస్టరు నుంచి తొలగించి, ఒక మెట్టు కిందికి, పట్టీల సీటుకు తక్షణం దించుతున్నాం. తండ్రి దానం చేసిన సీటే ఆమెకు కేటాయిస్తున్నాం. ఖాళీ అయిన బూస్టరులో అనురాగ్‌ను ఇన్‌చార్జిగా కూర్చోబెడుతున్నాం. ఈ శిక్ష ఆమె సర్వీసులో మచ్చగా ఉండిపోతుంది.

నేను తల వంచుకున్నాను. నా మొహం నాకు సాయం చేసింది. ఏడాదిన్నరగా దాని మీద నవ్వు లేదు, అప్పుడు కొత్తగా దాచవలసిన పని పడలేదు. నేను అడిగింది, మొరపెట్టుకున్నది, డబ్బు పెట్టి కొన్నది, దొంగతనంగా చేసింది, చివరికి శిక్షగా వచ్చింది. మా వ్యవస్థలో సరైన సీటుకు వేరే దారి లేదని, శిక్ష పడితేనే దొరుకుతుందని ముందే తెలిస్తే మొదటిరోజే ఏదో నేరం చేసి ఉండేవాణ్ణి. "కమిటీ నిర్ణయం శిరసావహిస్తాను," అని మెల్లగా అన్నాను. పిల్ల చెయ్యి పట్టుకుని తలుపు వైపు నడిచాను. ఇంకో పది అడుగులు వేస్తే బయటపడేవాళ్ళం.

"ఏందయ్యా మీరు? మనుషులేనా?"

రహమత్బీ లేచింది. మెస్సు నడిపే చాంద్ బాషా భార్య, కడప మనిషి, కమిటీలో ఏకైక మహిళా సభ్యురాలు. కాంపౌండులో ఏ పిల్లకు జ్వరం వచ్చినా మొదట గంజి తెచ్చేది ఆమే. నాగమల్లేశ్వరి పోయిన రోజుల్లో స్నిగ్ధకు అన్నం పెట్టింది. ఆమె మీద చెడ్డమాట అనేవాడు కాంపౌండులో లేడు. నేనూ అనను.

"ఆ బిడ్డ మగం చూడండి ఎట్ల వాడిపోయిందో. తల్లి లేని బిడ్డ. ఏదో దేవుడు దయతలచి ఒక పదవి ఇచ్చినాడు. దాన్ని గూడా పెరుక్కుంటారా? మీకు చేతులెట్లొస్తాయి?" కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వద్దమ్మా," అన్నాను గబగబా. "తప్పు తప్పే. శిక్ష పడాల్సిందే."

"చూడండి," అందామె ఏడుస్తూ, "ఎంత మంచోడో చూడండి. ఒక్క మాట ఎదురు చెప్పకుండా పోతాండాడు."

"నాకు న్యాయం జరిగింది. నన్ను వెళ్ళనివ్వండి."

ఈ మాటతో నమ్రత కూడా ఏడ్చింది. హేమసుందర్ తల దించుకున్నాడు. వెనక వరసల్లో ఎవరో ముక్కు చీదారు. అచ్యుతరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నా కూతురు ఆరోజే బాగుపడేది.

"మాకూ హృదయాలున్నాయి పెంచలయ్య గారూ," అన్నారు. "రూల్సులో కారుణ్య ప్రాతిపదిక అని ఒకటుంది. కుటుంబంలో మనిషిని పోగొట్టుకున్నవాళ్ళ కోసమే పెట్టారు. దాని కింద శిక్ష రద్దు చేస్తున్నాం."

"రద్దు చేయకండి."

"మీ సంస్కారం మాకు తెలుసండీ. రద్దే కాదు. ఇకమీదట ఎవరూ కదిలించడానికి వీల్లేకుండా స్నిగ్ధను బూస్టరులో కన్ఫర్మ్ చేస్తున్నాం. ఇది నాగమల్లేశ్వరి గారికి మా నివాళి."

హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. చప్పట్లంటే ఇష్టం కనుక స్నిగ్ధ కూడా కొట్టింది. రహమత్బీ వచ్చి పిల్లను ముద్దుపెట్టుకుంది. అనురాగ్ మళ్ళీ మోకాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. హేమసుందర్‌కు, నాకు గేటు దాటే వేళలు వేరువేరు చేశారు. మూసేసిన బంకు దగ్గర కమిటీ ఒక మనిషిని కూడా పెట్టింది. అతను నీడలో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు.

శనివారం నుంచి మామూలే. బెల్టుకూ మెడకూ మధ్య మడిచిన తువ్వాలు పెడుతున్నాను. అది జారిపోతుంది. జుబైల్ రోడ్డు మీద కుడి అంచున, అరవై దాటకుండా నడుపుతాను. వెనక సిమెంటు లారీలు వరసగా చేరి హారన్లు కొడతాయి. కొట్టనీ. ముందు కారులో వెళ్తున్నది సీనియరని వాళ్ళకు తెలియదు.